స్థానికులు చెప్పిన పాల ముచ్చట

ఆ రోజుల్లో ఏదైనా వార్త వస్తే అది నిజమా అని మా వైపు ఎవరూ అడిగేవారు కాదు, ఎందులో వచ్చిందని అడిగేవారు. మరీ పాత రోజులేం కావు లెండి, పెద్ద ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న కాలం. మా రావల్‌కోల్ ఇంటినే తీసుకోండి. మా నాయిన నమ్మేది ఒకే ఒక్క టీవీ చానెల్‌ని. ఎందుకంటే అందులో మా యాసలో మాట్లాడేవారు. "మనోళ్లు జెప్తున్నరు, ఆగుండ్రి" అని సౌండు పెంచేవాడు. మిగతా చానెళ్లలో ఎవరైనా ‘అధికారులు తెలియజేశారు’ అనగానే రిమోటు నొక్కేసేవాడు ("ఎవలకు తెల్వజేసిండ్రంట? మనకైతే జెప్పలే గదా!"). కుత్బుల్లాపూర్‌లో కంపెనీ పనికి పోయే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఫోన్లోకి వచ్చింది తప్ప ఇంకేదీ నమ్మేవాడు కాదు. "పేపరోనికి పైసలిస్తరు, టీవోనికి పైసలిస్తరు. ఫోన్ల పంపెటోనికి ఎవడిస్తడే? వాడు ఉత్తగ పంపుతుండు, గందుకే నిజం" అనేది ఆయన వాదన. మా అవ్వయితే వీటిలో దేన్నీ నమ్మేది కాదు. ఎవరేం చెప్పినా ఒకటే అడిగేది: "జెప్పినోడు ఎవడు? వానికి పేరుందా?" పేరు చెబితే వాడి తండ్రి పేరు అడిగేది. అక్కడిదాకా తెలిస్తేనే ఆ వార్త మా గడప దాటి లోపలికి వచ్చినట్టు.

ఇక మేడ్చల్‌లో పదేళ్ల కిందట లేచిన కాలనీ సంగతి వేరు. కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగాల కోసం వచ్చి ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు అక్కడ ఎక్కువ. మా నాయిన అందులో ముప్పై ఇళ్లకు పొద్దున్నే పాలు పోసేవాడు. మొదటి గేటు పేపర్ అంకుల్‌ది. ఆ పేరు నేను పెట్టిందే. బ్యాంకు ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, చేతిలో పేపరు. ఆయన పేపరును చదవడం కాదు, అందులోకి దిగిపోయేవాడు. టెండరు ప్రకటనలు కూడా వదిలేవాడు కాదు. "అచ్చులో వచ్చిందంటే పదిమంది చూసి వేస్తారండీ. టీవీ వాళ్లలాగా నోటికొచ్చింది వాగడానికి కుదరదు" అనేవాడు. వాళ్ల నాన్నగారి కాలం నుంచి ఇంటికి అదే పేపరు వస్తోందట. ఆంటీ మాత్రం టీవీ మనిషి, అదీ మా నాయిన చూసే చానెల్ కాదు. "మీ వాళ్ల వార్తలు నాకు సగం అర్థం కావు బాబూ" అనేది నాయినతో. "మీ వార్తలు నాకు సగం కూడ గావు తల్లీ" అని నాయిన పాలు కొలిచేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు.

వీళ్లందరి మధ్య నాకు ఇరవై రెండేళ్లు నిండాయి, ఒక పేపర్లో విలేకరి పని దొరికింది. ఏదో పెద్ద ఆఫీసులో కుర్చీ అనుకునేరు. మేడ్చల్, శామీర్‌పేట రెండు మండలాలూ తిరిగి, దొరికిన వార్తను నెట్ సెంటర్‌లో టైపు చేసి పంపితే, మా చుట్టుపక్కలకే వచ్చే లోపలి జోన్ పేజీలో వేసేవారు. కానీ నా మెడలో కార్డు పడ్డ రోజు నుంచి నా నడకే మారిపోయింది. ‘ప్రెస్’ అని ఎర్రక్షరాల స్టిక్కరు కూడా ఒకటి ఇచ్చారు. నాకు బండి లేదు. స్టిక్కరుంది, బండి లేదు, ఏం చేస్తాను? నాయిన టీవీఎస్ బండి ముందు భాగానికి అతికించాను. రెండు వైపులా పాల క్యాన్లు వేలాడుతుంటే, ముందు ‘ప్రెస్’ అని మెరుస్తూ, మా నాయిన రోజూ మేడ్చల్ చెక్‌పోస్టు దగ్గర పోలీసుల సలాములు అందుకుంటూ పోయేవాడు. "బిడ్డా, నీ కాగితం మస్తు పనిజేస్తాంది" అని మురిసిపోయేవాడు. నా పేపరు మాత్రం ఒక్కరోజూ చదివేవాడు కాదు. "గది వాళ్ల పేపరే, వాళ్ల భాష. నువ్వు రాసినవని ఎట్ల నమ్మాలె? నువ్వు గట్ల మాట్లాడవు గద!" అనేవాడు.

ఆ పనిలో నేను మొదట నేర్చుకున్నది ‘స్థానికులు’ అనే మాట. ఏ వార్త పంపినా, ఆఫీసులో దాన్ని దిద్ది పేజీలో పెట్టే మా డెస్క్ సార్ (ఆయన్ని నేను ముఖతా చూసింది రెండుసార్లే, మిగతాదంతా ఫోనులోనే) అడిగే మొదటి ప్రశ్న, "స్థానికులు ఏమంటున్నారమ్మా?" స్థానికులు ఆందోళన చెందాలి, ఆగ్రహం వ్యక్తం చేయాలి, చివరి వాక్యంలో అధికారులను కోరాలి. అప్పుడుగానీ వార్త పూర్తికాదు. మొదటి వారం నేను నిజంగానే వెళ్లి మనుషుల్ని ఆపి అడిగాను. రెండో నెలకు ఆ ఓపిక పోయింది. దేవరయాంజాల్ దారిలో గుంతలో కాలు బెణికింది నాకు, పేపర్లో మాత్రం ‘స్థానికులు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు’ అని వచ్చింది. కుంటుకుంటూ వెళ్లి ఆ పేపరు కొనుక్కున్న స్థానికులు కూడా నేనే.

అసలు సంగతికొస్తాను. ఒక ఎండాకాలం పొద్దున నాయిన కాలనీ నుంచి ముఖం ముడుచుకుని వచ్చాడు. శామీర్‌పేట దిక్కు నుంచి కొత్త పాలాయన ఒకాయన కాలనీలోకి వస్తున్నాడనీ, నాయిన ఇళ్లలో రెండు ఆయనవైపు వెళ్లబోతున్నాయనీ తెలిసింది. క్యాన్లు కడుగుతూ గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. "గా దిక్కు కెల్లి వస్తున్న పాలల్ల ఏందో పొడి కలుపుతున్నరంట! పొద్దున పోస్తే మాపటిదాంక గుడ ఇరుగుతలేవంట! గవ్వి పాలేనా అంట?" గుమ్మంలో కూర్చుని టిఫిను తింటూ నేను విన్నాను. ఎవరు చెప్పారని అడగలేదు. నువ్వు చూశావా అనీ అడగలేదు. మా నాయిన, మా గుమ్మం, ఇంకేం అడుగుతాను?

మధ్యాహ్నం డెస్క్ సార్ ఫోన్ చేశాడు. "మీ పేజీలో కింద ఖాళీ ఉందమ్మా, జల్దీ ఏదైనా పంపు." ఆ రోజు మేడ్చల్‌లో ఏమీ జరగలేదు. ఎంత వెతికినా ఏమీ జరగలేదు. అప్పుడు నాయిన మాటలు గుర్తొచ్చాయి. కూర్చుని టకటకా కొట్టేశాను: ‘శామీర్‌పేట వైపు నుంచి వస్తున్న పాలపై స్థానికులు అనుమానాలు వ్యక్తం చేస్తున్నారు.’ అరగంటలో సార్ మళ్లీ ఫోన్. "ఒక ఊరి పేరు పెడితే ఆ ఊరోళ్లు వచ్చి ఆఫీసు ముందు కూర్చుంటారు. శివారు గ్రామాలు అని పెడుతున్నా. పైన ప్రశ్నార్థకం కూడా పెట్టా. ఇంక మనకు భయం లేదు." నాకు కూడా భయం వేయలేదు. శివారు గ్రామాల్లో రావల్‌కోల్ కూడా ఉందన్న సంగతి, అక్కడే పుట్టి పెరిగిన నాకు ఆ క్షణాన తట్టనే లేదు చూడండి!

మర్నాడు పొద్దున ‘శివారు నుంచి వచ్చేవి పాలేనా?’ అని మూడు కాలమ్‌ల వార్తగా వచ్చింది. (ఖాళీ అంత పెద్దదని నాకు తెలియదు.) నాయిన పాలు పోసి వచ్చేశాక పేపర్ అంకుల్ దాన్ని చదివి ఎర్ర పెన్నుతో గీత గీసి పక్కింటికి పంపాడట. పది గంటలకు ఆంటీ చానెల్‌లో కింద పట్టీ మీద పరుగెత్తింది, ‘మేడ్చల్‌లో కల్తీ పాల కలకలం’ అని. మధ్యాహ్నానికి నాయిన చానెల్ వాళ్లు అందుకున్నారు. సాయంత్రానికి మామ ఒక వీడియో పంపాడు. పెద్ద డ్రమ్ములో ఎవరో తెల్లటి నీళ్లు కర్రతో కలుపుతున్నారు, కింద ‘మన మేడ్చల్ దగ్గర, అందరికీ పంపండి’ అని ఉంది. "మామా, అందులో వాళ్లు వేరే ఏదో భాష మాట్లాడుతున్నరు" అన్నాను. "అయితేంది? మన కంపెనీలల్ల అన్ని భాషలోళ్లు లేరా?" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో నాయిన సంబరం చూడాలి! టీవీ ముందు నిలబడి తొడ చరిచాడు. "నేను జెప్పలే? నిన్న పొద్దుగాల జెప్పలే? ఇగో, మనోళ్లు గుడ అదే జెప్తున్నరు!" నేను కొంచెం గర్వంగా "మా పేపర్లనే ముందు వచ్చింది నాయినా" అన్నాను. "పేపరు ఇడ్సిపెట్టు బిడ్డా, టీవీల వచ్చింది!" అన్నాడు. తన మాటే నా చేతిలోంచి పేపరుకు పోయి, పేపరులోంచి టీవీకి పోయి, తిరిగి తన ఇంటికే వచ్చిందని ఆయనకు తెలియదు. ఆ మాట తనదైనప్పుడు ఆయనకున్నది కోపమే, టీవీలో వినేసరికి అది నమ్మకమైపోయింది. అంతగా నమ్మాడంటే, ఊళ్లో హోటల్లో చాయ్ ఇవ్వబోతే "ఒద్దు, ఎవల పాలో ఏందో" అని వెనక్కి పంపాడు. ఆ హోటలుకు పాలు పోసేది మా ఇంటి నుంచే. వాళ్లు చెప్పేదాకా ఆయనకు గుర్తు రాలేదు.

ఆ మర్నాడు నాయిన వెళ్లిన గంటలోనే తిరిగొచ్చాడు. క్యాన్లు నిండుగా ఉన్నాయి. ముప్పై ఇళ్లలో నాలుగు తప్ప అన్నీ వద్దన్నాయట. "ఏమనుకోకు బాబూ, పిల్లలున్న ఇల్లు, ప్యాకెట్టు తెప్పించుకుంటున్నాం" అందట ఆంటీ, గేటు సగమే తెరిచి. నాయిన ఎవరినీ తిట్టలేదు. గడంచె మంచం మీద కూర్చుని "పదేండ్లాయె బిడ్డా పోయవట్టి. గా ఇంట్ల పిలగాని అన్నప్రాసనకు గుడ నా పాలే పోసిన" అన్నాడు. వార్తలు వచ్చాయని బర్రెలు ఊరుకుంటాయా? సాయంత్రం మళ్లీ పిండాలి, పొద్దున మళ్లీ పిండాలి. అవ్వ తోడు పెట్టింది, చిలికింది, వాడకట్టంతా సల్ల పంచింది. మూడో రోజు పంచడానికి కూడా ఇల్లు మిగల్లేదు. ఇంకో వారం ఇట్లాగే ఉంటే, ఆ ఏడాదే ఎంతో ఇష్టపడి కొన్న చిన్న బర్రెను అమ్మేయాలని నాయిన, అమ్మ మెల్లగా మాట్లాడుకోవడం నాకు వినిపించింది.

నేను పరేషాన్ అయిపోయి ముందు డెస్క్ సార్‌కు ఫోన్ చేశాను, సవరణ వేయమని. "దేనికి సవరణమ్మా? మనం పాలు కల్తీ అన్నామా? పాలేనా అని అడిగాం, అంతే. ప్రశ్నకు సవరణ ఉండదు" అన్నాడు. మామను బతిమాలాను, ఆ వీడియో మన దగ్గరిది కాదని గ్రూపుల్లో పెట్టమని. "పెడ్తగని, పాలోళ్ల తాన పైసలు తిన్నవంటరే. పైగా నువ్వు పేపరుదానివి" అన్నాడు. చివరికి ధైర్యం చేసి పేపర్ అంకుల్ గేటు దగ్గరికే వెళ్లాను. "అంకుల్, ఆ వార్త రాసింది నేనే. నేను విచారించకుండా రాశాను" అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని నన్ను ఎంతో జాలిగా చూశాడు. "చూడమ్మా, మీ నాన్న కోసం బాధపడుతున్నావు, అర్థమైంది. కానీ అంత పెద్ద పేపర్లో నీలాంటి చిన్నపిల్ల రాస్తే వేసేస్తారా? ఎడిటర్లుంటారు, పరిశీలించేవాళ్లుంటారు." మెడలో కార్డు చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ కార్డులు ఎక్కడైనా చేయిస్తున్నారీమధ్య" అన్నాడు. పేపరు మీద ఆయనకున్న నమ్మకం ఎంత గట్టిదంటే, పేపరు మనిషి చెప్పినా చెక్కు చెదరలేదు. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, చెక్‌పోస్టు దాకా నడుస్తూ ఏడ్చాను.

ఆ సాయంత్రం పొయ్యి మీద మళ్లీ గుండిగెడు పాలు మరుగుతున్నాయి. అవ్వ గరిటె తిప్పుతూ, ఎప్పటి ప్రశ్నే అడిగింది. "గింత లొల్లి అయితాంది గద, మొదలు జెప్పినోడు ఎవడు? వానికి పేరుందా?" మామ ఉన్నాడు, అమ్మ ఉంది, నాయిన ఉన్నాడు. "పేపర్ల స్థానికులు అని రాసిండ్రంటనే" అన్నాడు మామ. "స్థానికులంటే ఎవలు? వాళ్ల తండ్రి పేరేంది?" అంది అవ్వ. ఇంక నా వల్ల కాలేదు. "రాసింది నేనే అవ్వా" అన్నాను. నాయిన తల ఎత్తాడు. "నీకెవలు జెప్పిండ్రు బిడ్డా?" అన్నాడు. "నువ్వే నాయినా. క్యాన్లు కడుక్కుంట అన్నవు గద."

నాయిన చాలాసేపు తన చేతుల కేసి చూసుకున్నాడు. "నేనేం సూడలే బిడ్డా. కడుపు మండి అన్న. గంతే" అన్నాడు. తర్వాత నన్ను తిట్టకుండా, గొంతు కూడా పెంచకుండా, "నా పేరు పెట్టి రాయకపోయినవా? నీ పేరు పెడ్తున్న నాయినా అని ఒక్కమాట అంటే, నేను గట్ల అందునా?" అన్నాడు. ఈ పనిలోకి వచ్చాక ఎన్నో శిక్షణలకు వెళ్లాను, పెద్దపెద్దవాళ్లు చెప్పింది విన్నాను. ఆ మాటను మించిన పాఠం నాకు మళ్లీ ఎవరూ చెప్పలేదు.

తెల్లారి క్యాన్లు కట్టుకుని ఇద్దరం బయలుదేరాం. నేను స్టిక్కరు పీకేయబోతే నాయిన ఆపాడు. "ఉండనీ. ఎవలం ఏందో తెల్వాలె గద" అన్నాడు. మొదట కాలనీకి కాదు, మలుపులో ఎదురైన ఆ శామీర్‌పేట పాలాయన దగ్గరే బండి ఆపాడు. ఆయన క్యాన్లు కూడా నిండుగానే ఉన్నాయి. నాయిన ఆయన భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పాడు, నాకు వినబడలేదు. ఆయన మొదట గట్టిగా అరిచాడు, తర్వాత ఇద్దరూ అక్కడే కూర్చుని చాయ్ తాగారు. అది అయ్యాక పేపర్ అంకుల్ గేటు. నాయిన క్యాను కింద పెట్టి, గొంతు సవరించుకుని, "సారూ, గా ముచ్చట అన్నది నేను. రాసింది నా బిడ్డ. నేను కండ్లతోని సూడలే, పగతోని అన్న. తప్పాయె" అన్నాడు. అంకుల్ పేపరు దించాడు. నాయిన్ని చూశాడు, నన్ను చూశాడు, బండి మీది ఎర్రక్షరాల్ని చూశాడు. "అంటే, ఆ స్థానికులు..." అన్నాడు. "నేనే సారూ." "నువ్వొక్కడివేనా? పదిమందైనా ఉంటారనుకున్నానయ్యా!" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నలభై ఏళ్ల అలవాటు ఏదో చేయిజారినట్టు ఉంది.

లోపలినుంచి ఆంటీ గిన్నె పట్టుకుని వచ్చింది. "ఆయనంతట ఆయనే వచ్చి నేనే అన్నానని చెప్పుకున్నాక ఇంకేం కావాలండీ? పాలు పొయ్యి బాబూ" అంది. "అయినా పేపర్లో సవరణ రావాలి కదా" అని అంకుల్ గొణిగాడు. సవరణ వచ్చేదాకా ఆ పాలు తాగనన్నాడు. సవరణ ఎన్నడూ రాలేదు. ఆంటీ ఆ రోజునుంచే వాటితో కాఫీ పెట్టి ఇచ్చిందనీ, వారం తర్వాత "ఈ ప్యాకెట్టు పాలు బాగున్నాయే" అని ఆయనే మెచ్చుకున్నాడనీ తర్వాత తెలిసింది.

అన్ని ఇళ్లూ తిరిగి రాలేదు. గేటు గేటుకూ అదే మాట చెప్పుకుంటూ పోతే, నెల తిరిగేసరికి పంతొమ్మిది వచ్చాయి. మిగతావాళ్లు మర్యాదగా విన్నారు, తలలూపారు, ప్యాకెట్లే తెచ్చుకున్నారు. వాళ్ల ఫోన్లలో ఆ డ్రమ్ము వీడియో అప్పటికీ తిరుగుతూనే ఉంది, మా నాయిన గొంతు దాన్ని దాటి పోలేకపోయింది. చిన్న బర్రెను దేవరయాంజాల్ వాళ్లు కొని తోలుకుపోయారు. వార్తల కోసం ఆ ఊరు వెళ్లినప్పుడల్లా దారిన పోయే బర్రెల్లో దానికోసం చూసేదాన్ని. పేపర్ అంకుల్ మాత్రం నన్ను వదల్లేదు. ఎర్ర పెన్నుతో ‘స్థానికులు’ అన్నచోటల్లా సున్న చుట్టి, నేను కనబడితే చాలు, "ఇదెవరమ్మా?" అని అడిగేవాడు. ఆయన అడుగుతాడన్న భయంతోనే నేను మళ్లీ మనుషుల్ని ఆపి పేర్లు అడగడం మొదలుపెట్టాను.

ఇప్పుడు నేనే ఒక డెస్క్ మీద కూర్చున్నాను. ఎండపూట ఏ ఊరినుంచో ఏ కుర్ర విలేకరో ‘స్థానికులు ఆందోళన చెందుతున్నారు’ అని పంపితే, ఫోన్ చేసి "వాళ్ల పేరేంటి?" అని అడుగుతాను. ("మేడంకు చాదస్తం" అని వాళ్లలో వాళ్లు అనుకుంటారు, నాకు తెలుసు.) నాయిన చేతిలోకీ పెద్ద ఫోన్ వచ్చింది. మొన్న మా ఇంటి గ్రూపులో ఒక వీడియో పెట్టాడు, మేడ్చల్ దిక్కు బావుల్లో నీళ్ల రంగు మారుతోందట, ఎవరూ తాగొద్దట. నేను మా అవ్వ మాటే రాశాను: "జెప్పినోడు ఎవరు నాయినా?" కాసేపటికి ఆయన గొంతు వచ్చింది, నవ్వు ఆపుకుంటూ, "స్థానికులు జెప్పిండ్రు బిడ్డా" అని. పాల క్యాన్ల మధ్య ప్రెస్ స్టిక్కరు అతికించుకుని లోకమంతా తనకే తెలుసనుకున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొచ్చి, ఆఫీసులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇంతలో ఆయనదే ఇంకో మాట వచ్చింది: "ఉండు, పేరు కనుక్కొని జెప్త."